రెండు స్పీకర్లా, ఆరు స్పీకర్లా?

పాట వినడానికీ, సినిమా చూడడానికీ ఇంటికి ఒక యంత్రం కొనదలచినవారు ముందుగా ఆలోచించవలసిన సంగతులు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో సాయంకాలం వేళ నడచిపోయేవారికి ఒక ఇంట తెలుగు పాట, పక్క ఇంట హిందీ వార్తలు, ఆ పై ఇంట బెంగాలీ సంభాషణ వినిపించడం వింత కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ దారులు కాలక్రమేణా నాగపూరు నుండి వాల్తేరు దాకా వ్యాపించినవి. ఆ దారుల వెంబడి ఉత్తర కోస్తా తెలుగువారు ఖరగ్‌పూరుకు, చక్రధర్‌పూరుకు, బిలాస్‌పూరుకు ఉద్యోగాలకై తరలిపోయి, తరాల తరబడి అక్కడనే స్థిరపడినారు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయింది. వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ వినిపించే ఊళ్ళో తెలుగు చెవిన పడేది ముఖ్యంగా ఇంటిలోనే. కనుక ఆ ఇంటిలోని పాటల పెట్టెకు మామూలుకంటె కొంత ఎక్కువ విలువ ఉన్నది.

ఇటువంటి కాలనీలో ముగ్గురున్న ఒక కుటుంబాన్ని ఊహించుకొందాము. పదవీ విరమణ చేసిన తండ్రికి ఘంటసాల పాటలు కావాలి. మంచి స్టీరియో యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు చాలునంటాడు. కుమారునికి కొత్త సినిమాలు థియేటరులో విన్నట్లే ఇంట్లోనూ వినబడాలి. హోమ్ థియేటర్ రిసీవరూ, ఆరు స్పీకర్లూ కావాలంటాడు. తల్లి ఏమీ అడగదు. సినిమా నడుస్తుండగా “ఏమన్నాడురా?” అని మాత్రం నాలుగైదుసార్లు అడుగుతుంది. ఉన్నది ఒక్క గది. కూడబెట్టిన డబ్బు ఒక్క యంత్రానికే సరిపోతుంది. ఏది కొనాలి?

పేర్ల వెనుక కథ

ముందు ఈ మాటల అర్థం తెలుసుకొందాము. యాంప్లిఫయరు అంటే ధ్వనివర్ధకం. బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని స్పీకరును కదిలించగలంతగా పెంచడం దాని పని. రిసీవరు అంటే గ్రాహకం. పూర్వం రేడియో ట్యూనరును కూడా తనలో ఇముడ్చుకొన్న యాంప్లిఫయరుకు ఆ పేరు వచ్చింది. నేటి హోమ్ థియేటర్ రిసీవరు రేడియోను మించి టి.వి., డిస్క్ ప్లేయరు మొదలైనవాటి సంకేతాలను స్వీకరించి, ఐదు, ఏడు లేక అంతకంటె ఎక్కువ స్పీకర్లకు పంచిపెడుతుంది. ఇక స్టీరియో అంటే చాలమంది ‘రెండు’ అనుకొంటారు. గ్రీకు భాషలో దాని మూలపదానికి అర్థం ‘ఘనమైనది’. పొడవు, వెడల్పు, లోతు ఉన్న శబ్దమని భావం.

సంగీతానికి స్టీరియో, సినిమాకు రిసీవరు అని విడదీయడం అలవాటైనది గాని, స్టీరియో పుట్టింది కూడ సినిమా కోసమే. బ్రిటిష్ ఇంజనీరు ఆలన్ బ్లమ్లైన్ భార్యతో సినిమాకు వెళ్ళినపుడు, తెరమీద నటుడు ఒక వైపుండగా గొంతు మరొక వైపునుండి రావడం గమనించి, దానిని సరిచేయాలని సంకల్పించినాడని చెబుతారు. 1931లో ఆయన సమర్పించిన పేటెంటు నేటి స్టీరియోకు పునాది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, రాడార్ పరీక్షలకై బయలుదేరిన విమానం కూలి ఆయన మరణించినాడు. అప్పటికి ఆయనకు 38 సంవత్సరాలు. స్టీరియో రికార్డులు బజారులోనికి వచ్చింది 1950ల చివరనే.

అదే కాలంలో అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు వేరొక దారి తొక్కినారు. 1933 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న వాద్యబృందపు సంగీతాన్ని టెలిఫోను తీగలమీదుగా వాషింగ్టన్ సభామందిరానికి చేరవేసి, అక్కడి శ్రోతలకు వినిపించినారు. వారు వాడినవి ఎడమ, కుడి, నడుమ — మూడు మార్గాలు. ఆ మూడవ మార్గం ఎందుకు?

నడిమి స్పీకరు పని

రెండు స్పీకర్లకు సరిగ్గా మధ్య కూర్చున్నవారికి గాయకుని గొంతు ఎదుట శూన్యంలోనుండి వచ్చినట్లు తోస్తుంది. స్టీరియోలోని అందమంతా అదే. కాని ఒక ప్రక్కకు జరిగి కూర్చుంటే, దగ్గరి స్పీకరు శబ్దం ముందుగా చెవిని చేరుతుంది. చెవి దానినే నమ్ముతుంది. గొంతు ఆ వైపు ఒరిగిపోతుంది. ఒంటరిగా వినేవారికి ఈ చిక్కు లేదు. ఇంటిల్లిపాది కూర్చున్నపుడు మధ్య చోటు దక్కేది ఒక్కరికే. సినిమా హాలులో వందలమంది కూర్చుంటారు గనుకనే తెర వెనుక నడిమి స్పీకరును నిలిపినారు. నేటి సినిమాలలో సంభాషణ చాల భాగం దానినుండే వస్తుంది. డాల్బీ డిజిటల్ శబ్దంతో తొలి చిత్రం 1992లో వచ్చింది. ఎదుట మూడు, ప్రక్కల రెండు, బరువైన శబ్దానికి ఒకటి — ‘ఐదు పాయింట్ ఒకటి’ అన్న లెక్క డి.వి.డి.ల వెంట ఇళ్ళలోనికి ప్రవేశించింది.

తల్లి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది. వయసుతో వచ్చే చెవుడు సాధారణంగా సన్నని శబ్దాలను ముందుగా హరిస్తుంది. అచ్చులు వినబడతవి, స, ష, చ వంటి హల్లులు జారిపోతవి. మనిషి మాట్లాడుతున్నట్లు తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు. దానికితోడు నేపథ్య సంగీతం, కత్తుల మ్రోత కలసి వచ్చినపుడు మాట పూర్తిగా మునిగిపోతుంది. స్టీరియో యాంప్లిఫయరులో సంభాషణ, సంగీతం రెండు స్పీకర్లలో కలిసిపోయి ఉంటవి. ధ్వని హెచ్చిస్తే అన్నీ హెచ్చుతవి. రిసీవరులో నడిమి స్పీకరును మాత్రమే మూడు, నాలుగు డెసిబెళ్ళు పెంచుకొనవచ్చును. ఆ చిన్న మార్పుతో మాట సంగీతానికి పైన తేలవచ్చును. అయితే ఒక హెచ్చరిక: ఇంట్లో పెద్దవారు తరచు మాట అందక అడుగుతుంటే, యంత్రం కొనేముందు వారికి వినికిడి పరీక్ష చేయించడం మంచిది. ఏ స్పీకరూ ఆ పరీక్షకు బదులు కాజాలదు.

తండ్రి పాటలు ఏమవుతవి?

1957లో విడుదలైన ‘మాయాబజార్’ వంటి చిత్రాలలో శబ్దం ఒకే ధ్వనిమార్గంలో ఉన్నది. దానిని రెండు స్పీకర్లలో వినిపించినా రెండింటినుండి వచ్చేది ఒకే శబ్దం. ఆరింటిలోనికి చిమ్మితే గాయకుడు ఆరుగురు కాడు, గొంతు పలచబడుతుంది. కనుక పాత పాటలకు స్పీకర్ల సంఖ్యకంటె ఒక్కొక్క స్పీకరు నాణ్యమే ముఖ్యం. ఇక్కడ తండ్రి వాదమే సరియైనది. ఒకే ధరకు వచ్చే రెండు యంత్రాలలో, రెండు మార్గాలకే డబ్బంతా వెచ్చించిన యాంప్లిఫయరు సంగీతాన్ని సాధారణంగా మరింత శుభ్రంగా పలికిస్తుంది. కాని రిసీవరులోనూ ‘స్టీరియో’ అన్న మీట ఉంటుంది. పాట వేళ దానిని నొక్కితే తక్కిన స్పీకర్లు మౌనం వహిస్తవి.

యాంప్లిఫయరుకు మరొక సుగుణం దీర్ఘాయువు. 1970లలోని మంచి యాంప్లిఫయరు మరమ్మతుతో ఈనాడు కూడ పనిచేస్తుంది. దాని సాకెట్లు మారలేదు. రిసీవరు అలా కాదు. టి.వి. ధ్వనిని వెనుకకు తెచ్చే హెచ్.డి.ఎం.ఐ. సౌకర్యం 2009లో వచ్చింది. తరువాత 4కె చిత్రాల రక్షణకు 2013లో కొత్త నియమాలు రాగా, అప్పటికి ఉన్న రిసీవర్లు పెక్కు వెనుకబడినవి. టి.వి.ని నేరుగా కలిపే సౌకర్యం ఉన్న స్టీరియో యాంప్లిఫయర్లు కూడ ఇపుడు దొరుకుతున్నవి. పాటే ప్రధానమైన ఇంటికి అవి చక్కని ఎంపిక.

వాట్ల మాయ, గోడల నిజం

అట్టపెట్టెమీది వాట్ల సంఖ్యను చూచి భ్రమపడకండి. రిసీవరుకు ‘వంద వాట్లు’ అని వ్రాసి ఉంటే, తరచు అది రెండు స్పీకర్లు మాత్రమే మ్రోగుతుండగా కొలిచినది. అన్నీ మ్రోగినపుడు అంత శక్తి ఉండకపోవచ్చును. పైగా యాభై వాట్లకూ వంద వాట్లకూ శబ్దంలో తేడా 3 డెసిబెళ్ళే. శబ్దం రెట్టింపు అయినట్లు చెవికి తోచాలంటే దాదాపు పదిరెట్ల శక్తి కావాలి. సాధారణమైన స్పీకరు ఒక్క వాటుతో, మీటరు దూరాన, సుమారు 87 డెసిబెళ్ళు వినిపిస్తుంది. మామూలు సంభాషణ 60 డెసిబెళ్ళు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గదికి యాభై మంచి వాట్లు పుష్కలం.

అంత గదిలో ఆరు స్పీకర్లకు చోటెక్కడ? ప్రక్క స్పీకర్లు వినేవారికి కొంచెం వెనుకగా, ఇరువైపుల ఉండాలి. సోఫా వెనుక గోడకు ఆనుకొని ఉంటే అవి నిలిచే స్థలమే లేదు. క్వార్టరు గోడకు మేకు కొట్టాలంటే ఆలోచించాలి. బదిలీ అయితే తీగలన్నీ విప్పుకోవాలి. ఇక బరువైన శబ్దం పలికే సబ్‌వూఫరు గదిలో ఆగదు. గోడ దాటి, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రించే పొరుగువారి మంచం దాకా పోతుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దుగా పెట్టినవి. వేసవిలో బిలాస్‌పూరు ఎండకు రిసీవరును బీరువాలో బిగించి ఉంచడమూ తగదు. పైన, ప్రక్కల గాలి ఆడనివ్వాలి.

మూడు స్పీకర్ల ఒడంబడిక

పాట మాత్రమే వినే ఇంటికి స్టీరియో యాంప్లిఫయరును మించినది లేదు. పెద్ద గది, సొంత గోడలు ఉండి, ‘ఆర్.ఆర్.ఆర్.’ వంటి చిత్రాలను నలుదిక్కుల శబ్దంతో చూడదలచినవారికి పూర్తి హోమ్ థియేటరు తగును. మనం ఊహించుకొన్న ఇంటికి ఈ రెండూ సరిపోవు. వారు ఒక మధ్యరకపు రిసీవరును, ఎదుట పెట్టుకొనే మూడు స్పీకర్లను మాత్రం కొనవచ్చును. డబ్బులో పెద్ద భాగం ఎడమ, కుడి స్పీకర్లకు పెట్టాలి. అవి తండ్రి పాటలకు. నడిమిది అదే కంపెనీ, అదే శ్రేణిలోనిది కావాలి, అది తల్లికి. తక్కినవాటికి మరొక ఇల్లు, మరొక జీతం వచ్చేదాకా కుమారుడు ఆగవచ్చును. వాటిని కలిపే సాకెట్లు రిసీవరులో సిద్ధంగా ఉంటవి.

దుకాణానికి వెళ్ళినపుడు వారు వినిపించే ఆర్భాటపు శబ్దానికి లొంగకండి. మీకు కంఠస్థమైన ఒక పాత పాటను, మాటలు ఎక్కువగా ఉన్న ఒక సినిమా దృశ్యాన్ని వెంట తీసుకొనిపోండి. పోల్చే రెండు యంత్రాల ధ్వనినీ ఒకే స్థాయిలో పెట్టించండి. కొంచెం హెచ్చుగా మ్రోగేది మేలైనదిగా తోచడం చెవి స్వభావం. అన్నిటికంటె ముఖ్యంగా, ఇంట్లో అందరికంటె తక్కువగా వినబడేవారిని వెంటబెట్టుకొని వెళ్ళి, ప్రక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఆ దృశ్యంలో ఎవరేమన్నారో చెప్పమనండి. వారు తడుముకోకుండా చెప్పగలిగితే, ఆ యంత్రాన్నే బిల్లు వేయమనండి.