కార్చిచ్చు పొగ, చిన్నపిల్లల ఊపిరి

ఆదిపర్వంలో ఖాండవ దహనం చెప్పుకున్నప్పుడు మనమందరం కృష్ణార్జునుల గురించి, గాండీవం గురించి నోట్సు రాసుకున్నాం. నా మనసు మాత్రం జరిత అనే పక్షి దగ్గరే ఆగిపోయింది. అడవి అంటుకుంది. దానికి నాలుగు పిల్లలు, ఒక్కదానికీ రెక్కలు రాలేదు. తండ్రి మందపాలుడు అక్కడ లేడు. చెట్టు కింద ఎలుక బొరియ ఉంది, అందులో దూరండి, నేను మట్టితో మూసేస్తాను, మంట చల్లారాక వచ్చి తీస్తాను అంటుంది తల్లి. పిల్లలు ఒప్పుకోవు. లోపల ఎలుక తింటుంది, దానికన్నా నిప్పే నయం అంటాయి. చివరికి అగ్నిదేవుణ్ణి స్తుతించి బతికిపోతాయి.

మనకి ఆ స్తుతి చేయడం రాదు కాబట్టి జరిత చెప్పిన ఉపాయమే పట్టుకోవాలి. పొగ వచ్చినప్పుడు పిల్లల్ని ఒక గదిలో పెట్టి సందులు మూయడం, ఆ గదిలో ‘ఎలుక’ లేకుండా చూసుకోవడం. డాక్టర్లు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే.

ఇది నాకు పుస్తకంలో చదివి తట్టిన విషయం కాదు. మా మింజూరులో పోయిన భోగికి తెల్లవారుజామున మా అక్క కొడుకు, నాలుగేళ్ళవాడు, మెడలో చిన్న మేళం వేసుకుని మంట దగ్గర నిలబడి వాయిస్తున్నాడు. మన తమిళనాడులో భోగికి ఈ మేళం పిల్లలదే కదా, అందుకే మంటకి అందరికన్నా దగ్గరగా ఉండేదీ వాళ్ళే. వీధి చివర ఎవరో పాత టైరు కూడా వేశారు. వాడు దగ్గుతుంటే నేనే కర్చీఫు తడిపి మూతికి కట్టాను. కట్టి, ఇంకేం పరవాలేదు వాయించుకోరా అన్నాను. సాయంత్రం అవ్వ వాడికి భోగిపళ్ళు పోసి నూరేళ్ళు బతకమని దీవించింది. రాత్రి పదకొండుకి వాడికి పిల్లికూతలు మొదలయ్యాయి. ఆసుపత్రిలో నెబులైజరు పెట్టించి ఇంటికొచ్చేసరికి తెల్లారింది. వాడు బాగానే ఉన్నాడు. నాకు మాత్రం ఆ తడి కర్చీఫు మీద అనుమానం పట్టుకుంది, అందుకే ఇదంతా చదివాను.

కార్చిచ్చు అంటే అడవి దగ్గర ఉండేవాళ్ళ బాధ అనుకుంటాం. మనకి దగ్గరగా చూస్తే 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అడవి తగలబడింది, వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్ళు పోయాల్సి వచ్చింది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్ళినవాళ్ళు మంటల్లో చిక్కుకుని చనిపోయారు. ఇవి మంట చేసిన పనులు. పొగ అలా ఒకచోట ఆగదు. 2023 జూన్‌లో కెనడాలోని క్యుబెక్ అడవులు కాలితే వందల కిలోమీటర్ల దూరంలోని న్యూయార్క్‌లో ఆకాశం నారింజ రంగుకి తిరిగింది. బడుల్లో ఆరుబయట ఆటలు ఆపేశారు. పక్కనే న్యూజెర్సీలో ఎన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయో మీకు తెలుసు. మా పిన్ని కూడా అక్కడే. ఆ వారం ఫోన్ చేసినప్పుడల్లా, పిల్లలు ఇంట్లోనే ఉన్నారు, కిటికీ తియ్యలేదు అనే మాటే.

మనకి అడవి లేకపోయినా పొగకేం కొరత లేదు. 2022 ఏప్రిల్ చివర చెన్నై పెరుంగుడి చెత్తకుప్ప అంటుకుని రోజుల తరబడి కాలింది. 2018 భోగి పొద్దున పొగకి విమానాలే ఆగిపోయాయి. అడవి పొగలో ప్లాస్టిక్, రబ్బరు ఉండవు, మన పొగలో అవి కూడా ఉంటాయి.

పొగలో కంటికి కనిపించే మసి కన్నా కనిపించని నలుసులే ప్రమాదం. వాటిని పీఎం 2.5 అంటారు. అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. తలవెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుందంటే ఎంత చిన్నవో ఊహించుకోండి. ముక్కు, గొంతు వీటిని ఆపలేవు, తిన్నగా ఊపిరితిత్తుల అడుక్కి పోతాయి. రోజు సగటు ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 60.

పిల్లలకే ఎందుకు ఎక్కువ అంటే, వాళ్ళు మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు, బరువుతో పోలిస్తే ఎక్కువ గాలి పీలుస్తారు. గొట్టాలు సన్నం, కాస్త వాచినా మూసుకుపోతాయి. పైగా ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. 2008లో కాలిఫోర్నియాలో కార్చిచ్చు పొగ డేవిస్ అనే ఊరిని కమ్మింది. అక్కడి పరిశోధన కేంద్రంలో ఆరుబయట కోతులు ఉంటాయి, ఆ వేసవికి పసికూనలు కూడా ఉన్నాయి. మూడేళ్ళ తర్వాత వాటి ఊపిరితిత్తులు కొలిస్తే, మరుసటి ఏడు పుట్టిన కోతులకన్నా సామర్థ్యం తక్కువగా ఉంది. ఎవరూ కావాలని పొగ పెట్టలేదు, అదే వచ్చింది. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇక కర్చీఫు సంగతి. తడిగుడ్డ బూడిదని ఆపుతుంది, నలుసుల్ని ఆపదు. కట్టాం కదా అనే ధైర్యంతో పిల్లవాణ్ణి ఇంకాసేపు పొగలో ఉంచుతాం, అదే దానివల్ల నష్టం. మామూలు సర్జికల్ మాస్కు పక్కలనుంచి గాలి వదులుతుంది. ఎన్95 పనిచేస్తుంది కానీ ముఖానికి అతుక్కుని ఉండాలి, చిన్న ముఖాలకి సరిపోయేవి తక్కువ. రెండేళ్ళలోపు పిల్లలకి ఏ మాస్కూ పెట్టకూడదు. అందుకే గదే దిక్కు.

ఇంట్లో కిటికీలు తక్కువున్న ఒక గది చూసుకుని తలుపు కింద తువ్వాలు పెట్టాలి. తడిగుడ్డతో నేల తుడవాలి, పొడి చీపురు వద్దు. హెపా ఫిల్టరున్న మెషీను ఉంటే మంచిదే, లేకపోయినా మూసిన గది ఎంతో కొంత మేలు. ఎలుక ఎక్కడుందంటే, దోమల కాయిల్‌లో. 2003లో చైనా, మలేషియా కాయిల్స్ పరీక్షించినవాళ్ళు ఒక్క కాయిల్ నుంచి 75 నుంచి 137 సిగరెట్లంత పీఎం 2.5 వస్తుందని లెక్క కట్టారు. తలుపులు మూసి కాయిల్ వెలిగించడం అంటే పిల్లల్ని ఎలుక దగ్గర పెట్టి మట్టి కప్పడమే. అగరుబత్తీ, సాంబ్రాణి, పోపు ఘాటు కూడా అంతే. మా అవ్వకి సాంబ్రాణి మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

గది ఎప్పుడు తెరవాలన్నది కూడా ముఖ్యం. చలికాలం తెల్లవారుజామున కింద చల్లగాలి, దానిమీద వెచ్చటి గాలి మూతలాగా కూర్చుంటుంది, పొగ పైకి పోదు. భోగి మంట వేసేది సరిగ్గా ఆ వేళకే. ఎండెక్కి, సముద్రపు గాలి తిరిగాక కిటికీలు తీయొచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో మణలి స్టేషను అంకె చూస్తే కొంత అంచనా దొరుకుతుంది. ఎండాకాలంలో మాత్రం జాగ్రత్త. కరెంటు పోయిన మూసిన గదిలో పసిపిల్లకి వడదెబ్బ తగలొచ్చు. అలాంటప్పుడు పొగ లేని ఊళ్ళో చుట్టాలింటికి తీసుకుపోవడమే మేలు.

ఉబ్బసం ఉన్న పిల్లలకి ఇన్‌హేలరు, స్పేసరు ముందే ఇంట్లో ఉండాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగలేకపోయినా, మాట మధ్యలో ఆగుతున్నా ఆవిరి పడదాం, కషాయం ఇద్దాం అని కూర్చోకూడదు. ఏడాది దాటి ఐదేళ్ళలోపు పిల్లలు నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి 40 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఫోన్లో గడియారం పెట్టుకుని పొట్ట ఎగరడం లెక్కపెడితే తెలిసిపోతుంది.

వచ్చే భోగికి మా వీధిలో మంట వద్దంటే ఎవరూ వినరు, నాకూ పూర్తిగా వద్దని లేదు. నాయనతో మాట్లాడి టైర్లు, ప్లాస్టిక్ వెయ్యకుండా కట్టెలు, పిడకలతో చిన్న మంట అని ఒప్పించాను. మేళం మేడమీద వెనకగదిలో, తలుపు మూసుకుని. వాడు ఇప్పటికే అడుగుతున్నాడు, అక్కడ వాయిస్తే కిందికి వినిపిస్తుందా పిన్నీ అని.