మాంసకృత్తుల మలుపులకు హద్దులు: రామచంద్రన్ పటము

మన కండరములు, చర్మము, రక్తములో ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిను, ఆహారమును జీర్ణము చేయు ఎంజైములు, ఇవి అన్నియు మాంసకృత్తులతో ఏర్పడినవే. ఇరువది రకముల ఆమినో ఆమ్లములు పూసలవలె వరుసగా చేరుటచే మాంసకృత్తి గొలుసు ఏర్పడును. ఈ గొలుసు మలుపులు తిరిగి ఒక నిర్దిష్ట రూపమును దాల్చిననే తన పని చేయగలదు. రూపము చెడిన పనియు చెడును. అయితే గొలుసు ఎట్లు పడిన అట్లు మలగగలదా? దాని మలుపులకు హద్దులు కలవా? ఈ ప్రశ్నకు మద్రాసులో జరిగిన పరిశోధన సమాధానమిచ్చెను.

జి. ఎన్. రామచంద్రన్ 1922లో ఎర్నాకుళములో జన్మించిరి. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రాచార్యులైరి. చర్మమునకు, ఎముకలకు, స్నాయువులకు బలమునిచ్చు కొల్లాజెను నిర్మాణమును 1954లో వారును గోపీనాథ్ కర్తాయును సూచించిరి. అందులో మూడు గొలుసులు జడవలె పెనవేసుకొని ఉండును. ప్రతి మూడవ స్థానమునను గ్లైసీను అను మిక్కిలి చిన్న ఆమినో ఆమ్లముండును. జడ నడుమ అంతకంటె పెద్దదానికి చోటు లేదు. పుట్టుకతోనే కొందరిలో ఒక గ్లైసీనుకు బదులు వేరొక ఆమినో ఆమ్లము చేరుటచే ఎముకలు పెళుసై సులభముగా విరుగును.

ఈ నమూనాలో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నవని రిచ్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. అంతట రామచంద్రన్ మౌలికమైన ప్రశ్ననే చేపట్టిరి: బంధము లేని రెండు పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవు? అంతకుముందు నిర్ణయింపబడిన అనేక స్ఫటికముల కొలతలను పరిశీలించి హద్దులను నిర్ణయించిరి. రెండు కర్బన పరమాణువుల నడుమ సాధారణముగా 3.2 ఆంగ్‌స్ట్రాములు, రెండు ఉదజని పరమాణువుల నడుమ 2.0 ఆంగ్‌స్ట్రాములు ఉండవలెను. ఒక ఆంగ్‌స్ట్రాము సెంటీమీటరులో పది కోట్లవ వంతు.

ఇక గొలుసు సంగతి చూతము. ఒక ఆమినో ఆమ్లమును మరియొకదానితో కలుపు పెప్టైడు బంధము సులభముగా తిరుగదు. దానిని ఆనుకొని ఉన్న ఆరు పరమాణువులు అట్టముక్కవలె ఒకే తలములో నుండును. ఇట్టి రెండు అట్టల నడుమ ఒక కర్బన పరమాణువు కీలువలె నుండును. కనుక ప్రతి కీలు వద్ద తిరుగుటకు రెండు కోణములు మాత్రమే ముఖ్యము. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. బంకమట్టి ఉండకు రెండు పుల్లలను ఏటవాలుగా గ్రుచ్చి, వాని కొనలకు ఒక్కొక్క అట్టముక్కను తగిలించి, పుల్లలను త్రిప్పి చూడుడు. కొన్ని భంగిమలలో అట్టల అంచులు ఒకదానికొకటి తగులును. అణువులో అట్టి భంగిమలు నిషిద్ధములు.

రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ఈ రెండు కోణములను క్రమముగా మార్చుచు, ప్రతి భంగిమలోను పరమాణువుల దూరములను లెక్కించిరి. ఉదాహరణకు పదేసి డిగ్రీల చొప్పున మార్చినచో 36ను 36చే గుణింపగా 1,296 భంగిమలు వచ్చును. ఫలితములను ఒక చతురస్రములో గుర్తించి 1963లో ప్రకటించిరి. అదియే రామచంద్రన్ పటము. గ్లైసీను తప్ప తక్కిన వానికి పటములో సుమారు ముప్పాతిక భాగము నిషిద్ధమని తేలెను. గ్లైసీనుకు ప్రక్కశాఖ లేనందున దానికి స్వేచ్ఛ ఎక్కువ. పౌలింగ్, ఆయన సహచరులు 1951లో సూచించిన ఆల్ఫా సర్పిలము అనుమతింపబడిన భాగములోనే పడెను.

అప్పటికి పరమాణువుల వివరము వరకు తెలిసిన మాంసకృత్తి దాదాపు మయోగ్లోబిను ఒక్కటే. 1971లో స్థాపింపబడిన ప్రోటీను డేటా బ్యాంకులో నేడు రెండు లక్షలకు పైగా నిర్మాణములు కలవు. ఎక్స్-కిరణములతో కనుగొన్న నిర్మాణములనేగాక, ఆల్ఫాఫోల్డ్ వంటి కంప్యూటరు పద్ధతులు ఊహించిన నిర్మాణములను గూడ ఈ పటముతో సరిచూతురు. ఎక్కువ బిందువులు నిషిద్ధ భాగములో పడినచో ఆ నిర్మాణమును మరల పరీక్షింపవలసినదే. మాంసకృత్తుల కంప్యూటరు పరిశోధనకు 2024లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. రామచంద్రన్ 2001లో మరణించిరి.

రెండు పరమాణువులు ఒకే చోట నుండజాలవను సామాన్య విషయమే ఈ పటమునకు మూలము. ఒక ఆక్షేపణకు సమాధానము వెదకుచు, తెలిసిన కొలతలను ఓపికగా సమకూర్చి, లెక్క కట్టుటచే అన్ని మాంసకృత్తులకును పనికివచ్చు కొలబద్ద లభించినది.