నీటిబొట్టులో ఎన్ని అణువులు?

పిల్లలూ! బియ్యపు బస్తాలో ఎన్ని గింజలున్నవో ఒక్కొక్కటే ఎవరు లెక్కపెట్టగలరు? కాని వంద గింజల బరువు తెలిస్తే, బస్తాను తూచి సుమారుగా చెప్పవచ్చు. కంటికి కనబడని అణువులను కూడా ఇట్లాగే తూకంతో లెక్కిస్తారు.

నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటవి. హైడ్రోజన్ పరమాణుభారం 1, ఆక్సిజన్‌ది 16. కనుక నీటి అణుభారం 18. అణుభారం ఎంతో అన్ని గ్రాములు తూచితే, అది ఒక మోల్. ఏ పదార్థమైనా సరే, ఒక మోల్‌లో అణువుల సంఖ్య ఒకటే: దాదాపు 6022 పక్కన 20 సున్నాలు! దానికి ఇటలీ శాస్త్రజ్ఞుడు అవొగాడ్రో పేరు పెట్టారు.

ఇరవై నీటిబొట్లు సుమారు ఒక గ్రాము తూగుతవి. అంటే ఒక బొట్టు 0.05 గ్రాము. దీన్ని 18తో భాగించండి, 0.00278 మోల్ వస్తుంది. దాన్ని అవొగాడ్రో సంఖ్యతో హెచ్చవేయండి. సుమారు 167 పక్కన 19 సున్నాలు!

800 కోట్లమంది సెకనుకొకటి చొప్పున రాత్రింబవళ్లు లెక్కపెట్టినా దీనికి 6 వేల ఏళ్లు చాలవు. మీరు ఒక భాగహారం, ఒక హెచ్చవేతతో తేల్చారు.

ఇక ఇది చెప్పండి: చక్కెర అణుభారం 342. 18 గ్రాముల చక్కెరలో అణువులు ఎక్కువా, 18 గ్రాముల నీటిలో ఎక్కువా? ఎన్ని రెట్లు?