వంటగట్టు మీద పిల్లికి కూలి ఎవరిస్తున్నారు?

గిలకలదిండిలో పడవలు ఒడ్డుకు చేరితే మచిలీపట్నం పిల్లులకు చాటింపు అక్కర్లేదు. గుడివాడ చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి. నాగాయలంక వైపు నుంచి వచ్చే పీతలు, రొయ్యలు. వానాకాలానికి దాచుకున్న ఎండు నెత్తళ్లు... దిగువ కృష్ణా డెల్టా వంటిళ్లలో నీచుకు లోటు లేదు. అందుకే పిల్లిని పెంచే ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ఎన్నిసార్లు తరిమినా మళ్లీ గట్టెక్కుతోందండీ, ఒట్టి మొండిది!"

ఇందులో పిల్లి మొండితనం ఏమీ లేదు. గట్టెక్కడం దానికి గిట్టుబాటవుతోంది. ఆ కూలి ఎక్కడి నుంచి ముడుతోందో కనిపెట్టి ఆపగలిగితే, చెయ్యి ఎత్తకుండానే, గొంతు పెంచకుండానే దాన్ని గట్టు దింపవచ్చు. జంతువులు ఎలా నేర్చుకుంటాయన్న దానిపై శాస్త్రవేత్తలు నూటపాతికేళ్లుగా చేస్తున్న పరిశోధన చెబుతున్నదిదే. మన పాత ఇళ్లు ఈ సంగతిని అంతకంటే ముందే ఆచరణలో పెట్టాయి.

గట్టు మీద ఏముంది?

తిండి, వెచ్చదనం, ఎత్తు. ఈ మూడూ పిల్లికి కావాల్సినవే.

ముందు తిండి. పిల్లి పూర్తి మాంసాహారి. తీపిని గుర్తించే రుచిగ్రాహకం తయారవడానికి రెండు జన్యువులు కావాలి. పిల్లి జాతిలో వాటిలో ఒకటి పాడైపోయిందని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు తేల్చారు. పళ్లెంలో బందరు లడ్డు పెడితే అందులో తీపి దానికి తెలియదు. ఎప్పుడైనా నాకిందంటే నెయ్యి కోసమే. మాంసపు కమ్మదనాన్ని పట్టే గ్రాహకం మాత్రం దానికి చక్కగా పనిచేస్తుంది. ట్యూనా చేపలో పుష్కలంగా ఉండే హిస్టిడిన్, ఇనోసిన్ మోనోఫాస్ఫేట్ కలిస్తే పిల్లులకు మహా ఇష్టమని 2023లో బ్రిటన్‌లోని వాల్తమ్ పరిశోధకులు ప్రకటించారు. చేపంటే పిల్లి పడిచావడానికి కారణం దాని నాలుకలోనే ఉంది.

ఒకప్పుడు చేపను పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని బాగుచేసేవారు. కొరమీనైతే బూడిద పట్టించి, గరుకు బండ మీద రుద్ది జిగురు వదలగొట్టేవారు. పొలుసులు, మొప్పలు, పేగులు అక్కడే పడేవి, పిల్లి వాటా పిల్లికి అక్కడే ముట్టేది. ఇప్పుడు మార్కెట్లోనే ముక్కలు కొట్టించి, కవరుతో తెచ్చి గట్టు మీది సింకులో వేస్తున్నాం. ఉప్పు, పసుపుతో కడిగిన నీళ్లు గట్టు అంచు వెంట జారతాయి. కారం పట్టించిన ముక్కలు అరగంట ఓ పక్కన నానతాయి. గ్రానైట్ రాయి తళతళలాడుతున్నా స్టవ్ కాళ్ల కింద, సింకు అంచున, రెండు రాళ్లు కలిసే సందులో చేపనీరు ఇంకి ఉంటుంది. ఆ వాసన మన ముక్కుకు అందదు, పిల్లికి అందుతుంది. చేప పెరట్లోంచి గట్టెక్కింది, దాని వెంటే పిల్లీ ఎక్కింది.

ఇక వెచ్చదనం. పిల్లి ఒళ్లు మన ఒంటికంటే వేడి, 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. చుట్టూ 30 నుంచి 38 డిగ్రీలుంటేనే అది అదనపు శ్రమ లేకుండా ఆ వేడిని నిలుపుకోగలదు. పొయ్యిలో పిల్లి లేవలేదంటూ పేదింటి గురించి చెప్పే మాట వెనక ఈ శరీరధర్మమే ఉంది. బూడిదలో మిగిలిన వెచ్చదనం కోసం పిల్లి పొయ్యిలో పడుకునేది. ధనుర్మాసపు చలిలో, కాఫీ కాచి దింపిన స్టవ్ పక్కన నేటి పిల్లి వెతుక్కునేదీ అదే.

మూడోది ఎత్తు. ఇంటి పిల్లికి మూలం ఆఫ్రికా అడవిపిల్లి. అది వేటాడే జంతువే అయినా, తనకంటే పెద్ద జంతువులకు ఆహారమయ్యేది కూడా. కాబట్టి నలువైపులా కనిపించే ఎత్తైన చోటు దానికి క్షేమం. మూడడుగుల లోపుండే వంటగట్టు ఆరోగ్యంగా ఉన్న పిల్లికి ఒక్క గెంతు.

పెట్టెలో పిల్లి నేర్పిన సూత్రం

1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆకలిగా ఉన్న పిల్లులను చెక్కపెట్టెల్లో ఉంచి, బయట తిండి పెట్టారు. లోపలి తాడు లాగితేనో, మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. పిల్లి మొదట గీరింది, కొరికింది, సందుల్లోంచి పంజా చాపింది. ఆ పెనుగులాటలో ఎప్పుడో తాడు తగిలి తలుపు తెరుచుకుంది. మళ్లీ మళ్లీ పెట్టెలో ఉంచుతుంటే పనికిరాని చేష్టలు తగ్గుతూ వచ్చాయి, బయటపడే సమయమూ తగ్గింది. మంచి ఫలితం ఇచ్చిన పని నిలబడుతుంది, ఇవ్వనిది రాలిపోతుంది అన్నది ఆయన తేల్చిన సూత్రం.

గట్టు మీది పిల్లి చేస్తున్నదీ ఇదే. ఒకసారి ఎక్కింది, చేపముక్క దొరికింది. పాఠం పూర్తయింది.

ఈ పాఠాన్ని గట్టిపరిచేది మాత్రం మనమే. రోజూ ఏమీ దొరకదు, వారానికోసారి మూత మరిచిన గిన్నె దొరుకుతుంది. ఇంట్లో ఒకరు తరుముతారు, ఇంకొకరు పాపమని తలకాయ ముక్క గట్టు మీదే పెడతారు. ప్రతిసారీ దక్కే ఫలితం కంటే ఇలా అప్పుడప్పుడు దక్కే ఫలితమే అలవాటును ఎక్కువ కాలం నిలబెడుతుందని బి.ఎఫ్. స్కిన్నర్, ఆయన సహచరుడు ఫెర్స్‌టర్ 1957 నాటి గ్రంథంలో వివరంగా చూపారు. వేటాడి బతికే జంతువుల విషయంలో ఇది సహజమే. దివిసీమ అంచున, కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోని మడ అడవుల్లో బావురుపిల్లి ఉంటుంది. దాని ముఖ్యాహారం చేపలే. పాయ ఒడ్డున పొంచి కూర్చుని నీళ్లలోకి పంజా విసురుతుంది. విసిరిన ప్రతిసారీ చేప పడదు. నాలుగు దెబ్బలు తప్పాయని మానుకునే జీవి అడవిలో బతకదు. మన పిల్లిదీ అదే కుటుంబం. వారానికి ఒక్క ముక్క దొరికినా అది ఆశ వదలదు.

తరిమితే ఏం నేర్చుకుంటుంది?

కేక వేసినా, నీళ్లు చిమ్మినా, చీపురు చూపినా పిల్లి దిగుతుంది. కానీ ఆ బెదురును అది ముడిపెట్టేది గట్టుతో కాదు, మనిషితో. మీరు ఉంటే ఎక్కకూడదని నేర్చుకుంటుంది. మీరు నిద్రపోయాక కూలి మామూలే. కొడితే మనిషికే దూరమవుతుంది, బెదిరిన పిల్లి గీరుతుంది, కరుస్తుంది.

కొందరు గట్టు మీద కారం చల్లుతారు, నాఫ్తలీన్ గోలీలు పెడతారు, ఫినాయిల్‌తో తుడుస్తారు. ఇవి చేయకండి. కారం పాదాలకంటి, ఒళ్లు నాక్కునేటప్పుడు నోట్లోకి, కళ్లలోకి చేరి మండిస్తుంది. మిగతా రెండూ విషాలు. మాంసం మీదే బతికిన పిల్లి జాతి, ఫినాల్ వంటి పదార్థాలను కాలేయంలో విరిచి బయటికి పంపే ఒక ముఖ్యమైన ఎంజైమును పోగొట్టుకుంది. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు.

ఉట్టి చెప్పిన మార్గం

పాత పెంకుటిళ్లలో పాలు, పెరుగు, వెన్న ఉట్టి మీద ఉండేవి. దూలానికి వేలాడే ఆ తాళ్ల అల్లికను పిల్లి అందుకోలేదు. తర్వాత జాలీ బీరువాలొచ్చాయి. ఈ రెండూ పిల్లిని శిక్షించవు, దానికి కూలి దొరకనివ్వవు. శిక్షణలో మొదటి మెట్టు ఇదే. వండినవాటిని మూతపెట్టి బీరువాలోకో ఫ్రిజ్‌లోకో చేర్చండి. చేపలు కడిగే వేళ పిల్లిని వేరే గదిలో ఉంచండి. పని కాగానే గట్టునూ సందులనూ సబ్బు వేసిన వేడినీళ్లతో తుడవండి. ఎండు చేపలు బిగుతు మూత డబ్బాలో, చెత్తబుట్ట మూతతో ఉండాలి. వంట మొదలుపెట్టే ముందే పిల్లి కడుపు నింపండి.

రెండో మెట్టు, దానికంటూ ఒక ఎత్తు ఇవ్వడం. కిటికీ పక్కన గట్టంత ఎత్తుకో, ఇంకాస్త ఎత్తుకో కదలని స్టూలు గానీ చెక్క గానీ అమర్చి గోనెపట్టా పరవండి. వంట చేసే మనిషి అక్కడి నుంచి కనిపించాలి.

మూడో మెట్టు, కూలిని అక్కడికి మార్చడం. పిల్లి స్టూలెక్కిన మరుక్షణమే గోరంత ఉడికించిన చేపముక్క అక్కడే పెట్టండి. ఆలస్యమైతే దేనికిచ్చారో దానికి తెలియదు. ఆ ముక్కలో ఉప్పు, కారం, ముల్లు ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి పులుసులో ముక్క అసలే వద్దు. స్టూలెక్కడం అలవాటయ్యాక ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడు ఇవ్వండి. ఇంతకాలం మనల్ని విసిగించిన సూత్రమే ఇప్పుడు మన తరఫున పనిచేస్తుంది.

గట్టెక్కితే మాట్లాడకుండా, ముద్దు చేయకుండా ఎత్తి కిందికి దించండి, అంతే. కూలి ఆగిన కొత్తలో పిల్లి మునుపటికంటే ఎక్కువసార్లు ఎక్కుతుంది, ఎక్కువ అరుస్తుంది. అలవాటు సడలే ముందు అలా పెరగడం మామూలే. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరు లొంగి ఒక్క ముక్క పెట్టినా కథ మళ్లీ మొదటికొస్తుంది. నాయనమ్మ నుంచి పసివాడి దాకా అందరిదీ ఒకే మాట కావాలి.

పిల్లికి నేర్పడం అసాధ్యమనేవారికి ఒక లెక్క. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆశ్రయ కేంద్రాల్లోని 100 పిల్లులకు రెండు వారాల్లో, ఐదేసి నిమిషాల పాఠాలు 15 చెప్పి 2017లో ఫలితాలు ప్రచురించారు. చూపిన వస్తువును ముక్కుతో తాకడం 79 శాతం, గుండ్రంగా తిరగడం 60 శాతం నేర్చుకున్నాయి. కూర్చోమంటే కూర్చోవడం మాత్రం 27 శాతానికే వచ్చింది. అన్నీ ఒకే వేగంతో నేర్చుకోవు, కానీ తిండి ఇచ్చి ఓపిగ్గా చెబితే నేర్చుకుంటాయి.

ఇంటి ఆరోగ్యం కోసం

ఇంత శ్రమ ఎందుకంటే, మట్టిలో తిరిగిన పాదాలు కూరలు తరిగే చోట పడకూడదు. ఎలుకలను, పచ్చి మాంసాన్ని తిన్న పిల్లులకు టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకవచ్చు. పిల్లి మలంతో బయటపడ్డ దాని బీజాలు 1 నుంచి 5 రోజుల్లో మనుషులకు సోకే స్థితికి వస్తాయి. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి మలాన్ని ఏ రోజుకారోజు వేరొకరు తీసేయాలి, మాంసం బాగా ఉడకాలి, ఆకుకూరలు బాగా కడగాలి. ఈ జాగ్రత్తలు పాటిస్తే పిల్లిని ఇంటి నుంచి వెళ్లగొట్టక్కర్లేదు.

ఎంత పెట్టినా ఆకలి తీరక గట్టు మీదికి ఎగబడుతుంటే అది అలవాటు కాకపోవచ్చు. కడుపులో పురుగులు, మధుమేహం, థైరాయిడ్ సమస్యల వల్ల ఆకలి పెరుగుతుంది. దగ్గర్లోని పశువైద్యశాలకో, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకో తీసుకెళ్లి చూపించండి.

పిల్లి మన ఇంట్లో ఎలుకలు పడుతుంది, పిల్లలకు తోడుంటుంది. దానికి తెలిసిన భాష ఫలితం ఒక్కటే. ఆ భాషలో స్పష్టంగా, ఇల్లంతా ఒకే రకంగా మాట్లాడటం మన బాధ్యత. రేపు చేపలు తెచ్చుకునేలోపు కిటికీ పక్కన ఓ స్టూలు వేసి, గోనెపట్టా పరిచి, మొదటి ముక్క అక్కడ పెట్టండి.