ఎర్రజెండా ముందు నీళ్ల ప్రశ్న

1996 లోక్‌సభ ఎన్నికలు. నల్గొండ ఓటరు చేతికి అందింది బ్యాలెట్ పత్రం కాదు, ఏకంగా ఓ పుస్తకం! బరిలో ఉన్నది 480 మంది మరి. ఫ్లోరైడ్ నీళ్లతో జనం నడుములు వంగిపోతున్నా పట్టించుకోని ప్రభుత్వాలపై అదొక నిరసన. చివరికి గెలిచింది మాత్రం సీపీఐ నేత బొమ్మగాని ధర్మభిక్షం. ఆ జిల్లాలో ఎర్రజెండాకున్న పలుకుబడి అలాంటిది.

అది భూమి ఇచ్చిన పలుకుబడి. వెట్టికి, దొరల గడీలకు ఎదురుతిరిగిన పోరులో 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1948లో నిజాం పాలన పోయింది. 1951 అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. ఆ వెంటనే తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. నిషేధం వల్ల కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి!

తర్వాత 1964లో పార్టీ చీలింది. అయినా నకిరేకల్ నుంచి సీపీఎం నేత నర్రా రాఘవరెడ్డి ఆరుసార్లు అసెంబ్లీకి వెళ్లారు. పక్కనున్న పాలమూరులో మాత్రం ఆ పట్టు దొరకలేదు. ఏటా ఊళ్లకు ఊళ్లు వలసపోయే చోట సంఘం నిలవడం కష్టం. పాలమూరు బిడ్డ సురవరం సుధాకర్‌రెడ్డి కూడా 1998లో, 2004లో లోక్‌సభకు వెళ్లింది నల్గొండ నుంచే.

కాలం గడిచేకొద్దీ గెలుపు పొత్తుల మీద ఆధారపడింది. ఓసారి తెలుగుదేశం, మరోసారి కాంగ్రెస్. నీళ్ల కోసం కమ్యూనిస్టులూ ఉద్యమాలు చేశారు. కానీ ఇంటింటికీ నల్లా నీళ్లిస్తామంటూ 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించింది టీఆర్‌ఎస్ ప్రభుత్వం. పేరూ వాళ్లకే దక్కింది.

2014లో దేవరకొండలో సీపీఐ గెలిచింది. గెలిచిన ఎమ్మెల్యే తర్వాత టీఆర్‌ఎస్‌లో చేరిపోయారు. 2018లో తెలంగాణ అసెంబ్లీకి వామపక్షాల నుంచి ఒక్కరూ ఎన్నిక కాలేదు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో ఆ పార్టీలు టీఆర్‌ఎస్‌కు మద్దతిచ్చాయి. ఆ అభ్యర్థి సుమారు పదివేల మెజారిటీతో గట్టెక్కాడు. ఏడాది తిరిగేసరికి ఆ పొత్తు లేదు. 2023లో వామపక్షాలకు దక్కిన ఏకైక సీటు, కాంగ్రెస్ పొత్తుతో గెలిచిన కొత్తగూడెం. అది నల్గొండలో లేదు.

ఊళ్లలో అమరవీరుల స్తూపాలు ఇంకా నిలిచే ఉన్నాయి. ఎన్నికలొస్తే ఎర్రజెండా ఓట్లెన్నో అన్ని పార్టీలూ లెక్కేసుకుంటాయి. ఆ ఓట్లతో తన మనిషినే గెలిపించుకునే రోజు మళ్లీ రావాలంటే, ఒకనాడు భూమి అడిగినంత గట్టిగా ఈనాటి కూలి, నీళ్లు, వలసల గురించి అడగాలి.