కాంతి హద్దును దాటిన చూపు

పాచిపెంట మొదలు అరకులోయ దాక పరచుకొనియున్న తూర్పు కనుమలలో అధికభాగము ఖొండలైటు అను శిలచేత నిర్మితమైనది. కనుమలలో నివసించు ఖోండు జాతి పేరిట టి. ఎల్. వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1902లో దానికి ఆ నామకరణము చేసెను. ఆ రాతిలో ఎఱ్ఱని గార్నెట్టు గింజలతో, నల్లని గ్రాఫైటు పొలుసులతో పాటు కానవచ్చునది పలుగురాయి. సిలికాన్, ప్రాణవాయువు చేరి యేర్పడిన పదార్థ మది. ఎచ్చటిదైననేమి, పలుగురాతినుండియే మానవుడు సిలికాన్‌ను వేరుచేసి, శుద్ధిచేసి, 300 మిల్లీమీటర్ల వ్యాసముగల నునుపైన పలకలుగా కోసి, వానిపై నేటి చేతిఫోనులకు ప్రాణమగు చిప్పులను చెక్కుచున్నాడు.

చెక్కుట యొక యెత్తు. చెక్కినది లోపరహితముగ వచ్చినదో లేదో చూచుకొనుట మరియొక యెత్తు. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు కాగా, అధునాతనమైన చిప్పులలోని గీతల వెడల్పు పదుల నానోమీటర్లలోనే యుండును. కటకమును ఎంత శ్రద్ధతో సానబట్టినను, కాంతి తరంగస్వభావము గలది కావున బిందువు బిందువుగా గాక మసకచుక్కగా వ్యాపించుననియు, తరంగదైర్ఘ్యములో ఇంచుమించు సగముకంటె దగ్గరగా నున్న రెండు వస్తువులు కలిసిపోయి యొక్కటిగానే తోచుననియు జర్మనీలోని యేనా నగరమున ఎర్న్‌స్ట్ అబ్బే 1873లో నిరూపించెను. కంటికి కనబడు కాంతికి ఆ హద్దు సుమారు 200 నానోమీటర్లు. అబ్బే సూత్రమును ఆ నగరమున అతని స్మారకశిలపై చెక్కియుంచినారు. శాస్త్రలోకము సైతము శతాబ్దికి పైగా దానిని శిలాశాసనముగనే మన్నించినది.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆ హద్దునకు లోబడదు గాని, దానితో వేరొక చిక్కు కలదు. చిప్పుపై నమూనాను అచ్చొత్తుటకై పూయు ఫోటోరెసిస్టు అను సేంద్రియపు పూత ఎలక్ట్రాన్ల తాకిడికి కుంచించుకొనిపోవును. కొలుచుచుండగనే కొలువవలసిన గీత సన్నబడును. పైగా ఆ యంత్రము ఆకారమును చూపును గాని, పూతలోపలి రసాయనక్రియ యేచోట నెంత జరిగినదో చెప్పజాలదు. ఈ లోటును తీర్చగలది ప్రతిదీప్తి.

కొన్ని యణువులు నీలికాంతిని గ్రహించి, కొంత శక్తిని కోల్పోయి, ఆకుపచ్చనో ఎఱ్ఱనో అగు కాంతిని వెలువరించును. పంపిన వెలుగును వడపోతగాజుచే నాపివేసినచో, చీకటిలో ఆ యణువుల వెలుగు మాత్రమే మిగులును. ఈ వెలుగుతోనే అబ్బే హద్దును దాటుటకు రెండు మార్గములు కలవు. స్టెఫాన్ హెల్ అను శాస్త్రజ్ఞుడు 1994లో సూచించి 2000లో ప్రయోగమున నిరూపించిన మొదటి పద్ధతిలో ఒక లేజరుకిరణము అణువులను ఉత్తేజపరచును. నడుమ చీకటియు చుట్టును వెలుగును గల వలయమై పడు రెండవ కిరణము అంచులనున్న అణువులను వెలుగకమునుపే శాంతింపజేయును. కాగా నడిమి స్వల్పప్రదేశ మొక్కటియే వెలుగును.

రెండవ మార్గము మరింత సులభగ్రాహ్యము. పాచిపెంట దాటి సుంకి ఘాటీరోడ్డు మలుపున రాత్రివేళ నిలిచి దిగువకు చూచినచో, ప్రక్కప్రక్కనున్న ఇండ్ల దీపములు కలిసి యొక్కటే వెలుగుమరకగా తోచును. ఒక్కొక్క యింటివారు వంతులవారీగా దీపము పెట్టి ఆర్పుచుండిరేని, ప్రతి మరకకును నడుమ యెచ్చటనో గుర్తించి కాగితముపై చుక్క పెట్టుచు, తెల్లవారునప్పటికి ఆ యిండ్లన్నిటి పటమును గీయవచ్చును. అణువుల విషయమునను ఇంతే. మసకచుక్క విస్తృతిని తగ్గింపలేము; దాని కేంద్రమును మాత్రము నిర్ణయింపగలము. ఆ విస్తృతి 100 నానోమీటర్లనుకొన్నచో, 100 ఫోటాన్లు లభించిన కేంద్రము 10 నానోమీటర్ల మేరకు తెలియును. 10,000 లభించిన 1 నానోమీటరు మేరకు తెలియును. ఒంటరి అణువును కాంతిచే గుర్తింపవచ్చునని 1989లో విలియమ్ మోర్నర్ చూపగా, ఎరిక్ బెట్జిగ్ తన మిత్రుడు హరాల్డ్ హెస్ యింటి ముందుగదిలో యంత్రమును కూర్చి 2006 నాటికి ఇట్టి అణువుల పటమును సాధించెను. హెల్, మోర్నర్, బెట్జిగ్ మువ్వురును 2014లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

జీవకణములకై పుట్టిన ఈ విద్య చిప్పుల తయారీకి యెట్లు తోడ్పడుననగా, మూలము ఫోటోరెసిస్టులోనే కలదు. కాంతి తగిలినచోట ఆ పూతలో ఆమ్లము పుట్టును. పిమ్మట వేడిచేయగా ఒక్కొక్క ఆమ్లకణము చుట్టుపట్ల అనేక అణువులను మార్చుచు కొంతదూరము ప్రాకును. మారినభాగము కడుగుటలో కరగిపోవును. ఆమ్లము ప్రాకవలసినదానికంటె కొన్ని నానోమీటర్లు అధికముగ ప్రాకెనా, గీత అంచు స్పష్టత కోల్పోవును. నేటి అత్యాధునిక యంత్రములు వాడు 13.5 నానోమీటర్ల కాంతిలో ఒక్కొక్క ఫోటాను శక్తి, పూర్వపు 193 నానోమీటర్ల ఫోటాను శక్తికి 14 రెట్లు. కనుక అదే మోతాదు శక్తికి ఫోటాన్ల సంఖ్య 14వ వంతే యగును. ఫోటాన్లు తగ్గినకొలది యాదృచ్ఛికత హెచ్చి, ఒకచోట రంధ్రము పడకపోవుటయు, మరియొకచోట రెండు గీతలు అంటుకొనుటయు సంభవించును. అమెరికా జాతీయ ప్రమాణ సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు ఆమ్లము తగిలిననే వెలుగు నిచ్చు వర్ణద్రవ్యమును పూతలో కలిపి, ఒక్కొక్క అణువును గుర్తించుచు ఆమ్లవ్యాప్తిని నానోమీటర్ల స్థాయిలో కొలిచి 2012లో ప్రకటించిరి. చెక్కినపిమ్మట లోపమును వెదకుటకంటె, లోపము పుట్టు క్షణముననే దాని జాడ పట్టగలుగుట నా దృష్టిలో ఈ విద్యకు గల గొప్ప విశిష్టత.

ఇందులో మనకు సంతోషము గూర్చు సంగతి యొకటి కలదు. బెట్జిగ్ యౌవనమున పనిచేసిన అమెరికాలోని బెల్ ప్రయోగశాలలోనే, ఇంచుమించు ఆ కాలముననే, ఇంటిపేరులోనే తెలుగుదనము గల ఓంకారం నలమాసు 193 నానోమీటర్ల కాంతికి తగిన ఫోటోరెసిస్టులపై పరిశోధన సాగించెను. తరువాత చిప్పుల తయారీయంత్రములను రూపొందించు అప్లయిడ్ మెటీరియల్స్ సంస్థకు ప్రధాన సాంకేతికాధికారి యయ్యెను.

ఈ పద్ధతికి పరిమితులును లేకపోలేదు. లోహము చెంతనున్న వర్ణద్రవ్యము వెలుగు తరచు అణగిపోవును. సిలికాన్ పలకపై పరావర్తనమైన కాంతి అసలు వెలుగుతో కలిసి అణువు స్థానమును పొరపాటుగ చూపవచ్చును. అమ్మకమునకు పోవు చిప్పులో అన్యద్రవ్యమును కలుపుటకు కర్మాగారము లంగీకరింపవు. కొలతకు కొలబద్ద కూడ కావలెను. పలుచని లోహపుపొరలో సమదూరములలో తొలచిన సూక్ష్మరంధ్రముల వరుసను వెలిగించి, కటకపు దోషములను సవరించుకొను విధానమును అమెరికా జాతీయ ప్రమాణ సాంకేతిక సంస్థవారే 2018లో వివరించిరి. ఆ రంధ్రములను తొలచునది చిప్పులను చెక్కు విద్యయే. ఈ పరిమితులచే నేటికి ఈ పద్ధతి ప్రధానముగ పరిశోధనశాల సాధనము.

చిప్పుల పరిశ్రమ మన చెంతకును వచ్చుచున్నది. 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గ మామోదించిన నాలుగు చిప్పుల ప్రాజెక్టులలో నొకటి ఆంధ్రప్రదేశ్‌కు లభించినది; ఏటా 9 కోట్ల 60 లక్షల చిప్పులను కూర్చి కవచము తొడుగు కర్మాగార మది. అట్టి కర్మాగారములకు వందలకోట్లు కావలెను గాని, చూచు విద్యకు అంత ధనము అక్కరలేదు: ఒక ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని, ఒక లేజరు, సున్నితమైన కెమెరా యున్నచో చాలును, గణనకు వలయు సాఫ్ట్‌వేరు ఉచితముగనే లభించుచున్నది. పాచిపెంటవలెనే సాలూరు శాసనసభా నియోజకవర్గమునకు చెందిన మెంటాడ ప్రాంతమున కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. అచ్చట తొలినాళ్లలోనే ఇట్టి కాంతిశాస్త్ర ప్రయోగశాల నొకదానిని నెలకొల్పి, ఈ కొండల బిడ్డలచేతికి దానిని అప్పగింపవలసినదిగా విద్యాధికారులను మనసార కోరుచున్నాను.