పాత తాకుతెర ఫోను



ఈ దినము నేను చెప్పబోవు వస్తువు నా చొక్కాజేబులోనే యున్నది. దాని పేరు నోకియా 5233. ఈ చేతిఫోను 2010వ సంవత్సరమున బజారులోనికి వచ్చినది. నేనును ఆ యేటనే, ధాన్యము అమ్మిన సొమ్ముతో, దీనిని కొంటిని. అంతవరకు మా యూర నున్నవన్నియు మీటల ఫోనులు. తెరను వ్రేలితో తాకి నడపు ఫోను మా రచ్చబండ మీదికి వచ్చినది దీనితోనే. తరువాత పదిమంది కొనిరి. ఆ పదిమందియు మార్చివేసిరి. నేను మాత్రము సగమే మార్చితిని. ఆ సగము సంగతి తరువాత మనవి చేసెదను.

"ఇంకను ఆ పాతది యెందుకండీ?" అని నన్ను అడుగనివారు లేరు. చాలకాలము నవ్వి యూరకుంటిని. ఆలోచింపగా నాకు తోచిన దేమనగా, ఈ వస్తువు చేయు పనులు రెండు తెగలు. తనలో నున్న సరంజామాతో తాను చేసికొను పనులు కొన్ని. బయటినుండి ఎవరో తోడుపడినగాని జరుగని పనులు కొన్ని. మొదటి తెగ పనులలో ఈ ఫోను నేటికిని ముసలిది కాలేదు. రెండవ తెగ పనులలో దీనికి దాదాపు ఆయువు తీరినది. దీనిని మెచ్చుకొనువారును, వెక్కిరించువారును ఈ తేడాను గమనింపక వాదులాడుచుందురు.

ముందు తెరను గూర్చి చెప్పెదను. అది మన చేతులకు సంబంధించిన సంగతి. నేటి ఫోనుల తెర అద్దము. ఆ అద్దము క్రింద కంటికి కానరాని విద్యుత్తు పరచియుండును. వ్రేలు తగిలినచోట అందులో కొంచెము మార్పు కలుగును. ఆ మార్పును బట్టి ఫోను చోటును గుర్తించును. మన శరీరము విద్యుత్తును గ్రహించు స్వభావము కలది గనుకనే యిది సాధ్యము. కావుననే ఆ తెర గోటితో గీచిన పలుకదు, పుల్లతో పొడిచిన పలుకదు. నీళ్లు పడినచో తికమక పడును. కాయలు కాచి మొద్దుబారిన వ్రేళ్లను ఒక్కొక్కప్పుడు వ్రేళ్లుగానే లెక్కింపదు.

నా పాత ఫోను తెర వేరు విధము. పైన వంగెడి సన్నని ప్లాస్టిక్ పొర, క్రింద గట్టి పలక. రెంటికిని విద్యుత్తు పారు తేటయైన పూత కలదు. రెండును అంటుకొనకుండ నడుమ చిన్న చిన్న చుక్కలతో సందు నిలిపియుందురు. పైన నొక్కినప్పుడు ఆ చోట పొరలు రెండును కలియును. కలిసిన తావు అడ్డమున ఎంత, నిలువున ఎంత యని ఫోను లెక్క కట్టుకొనును. ఇచ్చట కావలసినది ఒత్తిడి యొక్కటియే. నొక్కినది వ్రేలా, గోరా, కలము వెనుకకొనయా యను విచారణ లేదు. నాట్లనాడు గట్టుమీద తడిచేతితో దీనిని నొక్కి కూలీల లెక్క వ్రాసికొంటిని. పార పట్టిన చేయి దీనికి అడ్డము కాలేదు.

ఆ గుణమునుండియే దోషమును పుట్టినది. తాకిన చాలదు, నొక్కవలెను. పేర్ల పట్టికను పైకి జరుపుటకు కొంత ఓపిక కావలెను. ఒకసారి ఒక్కచోటి ఒత్తిడియే దీనికి తెలియును గనుక, రెండు వ్రేళ్లతో బొమ్మను సాగదీసి చూచు సౌకర్యము లేదు. పైది ప్లాస్టిక్ గనుక గీతలు పడును. మిట్టమధ్యాహ్నపు టెండలో తెర వెలవెలబోవును. మా మనుమడు మొదటిసారి దీనిని చేతబట్టి, పిల్లి పాదములతో తట్టినట్లు నాలుగుమార్లు తట్టి, "తాతయ్యా, ఇది చచ్చిపోయింది" అనెను. "చావలేదురా, గట్టిగా నొక్కు" అంటిని.

తెర మూడు అంగుళములకు కొంచెము ఎక్కువ. చత్వారము వచ్చినవారికి ఇది చాలదు. ఫోను సంఖ్యలు పెద్దవిగానే కనబడును గాని సందేశములు చదువుటకు అద్దములు వెదకికొనవలెను. కెమెరా రెండు మెగాపిక్సెళ్లది, ఫ్లాష్ లేదు; దీపము పెట్టిన తరువాత తీసిన బొమ్మలలో మనుష్యులను గొంతునుబట్టి పోల్చుకొనవలసినదే. అంతకంటె దానిని గూర్చి చెప్పవలసినది లేదు.

ప్రక్కన చిన్న గడియ వంటి మీట యొకటి కలదు. దానిని క్రిందికి లాగినచో తెర మేలుకొనును, మరల లాగినచో నిద్రించును. జేబులో తనంతట తాను ఎవరికో ఫోను చేయుట యను రోగము ఆ గడియ వేసినచో లేదు. నేటివారు ఇట్టి గడియ నెందుకు మానివేసిరో నాకు బోధపడలేదు.

ఇక రేడియో. ఈ ఫోనులో ఎఫ్‌.ఎం. రేడియో కలదు. దానికి ఇంటర్నెట్టు అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. చెవిలో పెట్టుకొను తీగయే ఆకాశతీగగా పనిచేయును. తీగ గుచ్చనిదే పలుకదు. చేలో మోటారు దగ్గర కాపలా యున్న రాత్రులు దీనితో గడపితిని. క్రొత్త ఫోనులలో పెక్కింటికి ఈ సాధనము లేదు; నెట్టుద్వారా వినుమందురు, మా చేలో నెట్టు రాదు.

బ్యాటరీ విషయము కొంత జాగ్రత్తగా వినుడు. దీని బ్యాటరీని మూత తీసి మనమే మార్చుకొనవచ్చును. అది 1320 మిల్లీయాంపియరు గంటల బ్యాటరీ. నేటి ఫోనులలో నాలుగు వేలు, ఐదు వేలు సాధారణము. ఐనను మాటలకు మాత్రమే వాడుచున్నాను గనుక నాకు రెండు దినములు వచ్చుచున్నది. చిక్కు ఎక్కడ ననగా, ఈ జాతి బ్యాటరీ వాడకున్నను అరలో నున్నంతమాత్రముననే క్షీణించును. పాత సరకును కొత్త కాగితములో చుట్టి అమ్మువారును కలరు. పట్టణములో నొక దుకాణమున నేను కొన్నది నాలుగు నెలలకే ఉబ్బి, వెనుకమూత పట్టకపోయెను. మూత పట్టనప్పుడు నొక్కి బిగింపరాదు. ఉబ్బిన బ్యాటరీకి ఛార్జి పెట్టరాదు, సూదితో పొడువరాదు, అది మండగలదు. ఛార్జరు కూడ సన్న పిన్నుది కావలెను. బొమ్మలు దింపుకొను తీగ పెట్టినచో ఇది ఛార్జి కాదు. ప్రయాణములో ఇతరుల ఛార్జరు నడుగుట మానుకొంటిని.

ఇంతవరకు చెప్పినది ఫోను స్వంత సంసారము. ఇక పరాధీనమైన పనులు.

ఈ ఫోనును నడపు వ్యవస్థకు సింబియన్ అని పేరు. 2011 ఫిబ్రవరిలో నోకియావారు తమ పెద్ద ఫోనులకు మైక్రోసాఫ్టువారి విండోస్‌ను గ్రహింతుమని ప్రకటించిరి. అప్పటినుండియే సింబియన్‌కు ప్రొద్దు వాలినది. 2014 జనవరి 1 నుండి దానికి క్రొత్త యాపులను, పాతవాటి సవరణలను స్వీకరించుట మానిరి. ఆ యేటి ఏప్రిలులో ఫోనుల వ్యాపారమే మైక్రోసాఫ్టు చేతిలోనికి పోయెను. 2017 జూన్ 30తో ఈ తరగతి ఫోనులకు వాట్సాప్ తోడ్పాటు ముగిసినది. ఆ సంగతి ముందుగా ఇంగ్లీషులో తెరమీద కనబడినది. నేను దానిని ఏదో ప్రకటన యని తోసివేసితిని. మా అమ్మాయి అమెరికాలో నున్నది. ప్రతి ఆదివారము మనుమరాలి బొమ్మలు వచ్చుచుండెడివి. జూలైలో రాలేదు. ఏమైనను అలిగినదేమో యని నేనును మూడు వారములు ఫోను చేయలేదు. అక్కడ ఆమె, నాన్న జవాబీయడేమని బెంగపడుచుండెను. తప్పు నాది, ఫోను మాత్రము నిన్నటివలెనే ఛార్జితో, సిగ్నలుతో నిక్షేపముగా నుండెను.

నెట్టు కూడ అట్లే మూసికొన్నది. బ్యాంకుల పుటలు, ప్రభుత్వ కార్యాలయముల పుటలు నేడు సమాచారమును సంకేతలిపిలో పంపును. నడుమ దొంగ చదువకుండుటకు ఆ లిపి కట్టుబాట్లను అప్పుడప్పుడు మార్చుచుందురు. పాత కట్టుబాట్లను 2020 ప్రాంతమున ప్రసిద్ధమైన బ్రౌజర్లన్నియు విడిచిపెట్టెను. క్రొత్తవి నా ఫోనుకు నేర్పువారు లేరు. తాళము మారినది, నా దగ్గర పాత చెవి యున్నది. పైగా దీనికి వైఫై లేదు, మూడవ తరము సంకేతము కూడ అందుకొనలేదు. 2016 సెప్టెంబరులో వచ్చిన జియో నాలుగవ తరముది గనుక ఆ సిమ్ము దీనిలో పెట్టిన ప్రయోజనము లేదు. రెండవ తరము సిగ్నలు దొరకుచోట మాటలు, సందేశములు మాత్రము నడచును.

ఇక నేను సగము మార్చుట యనగా నిదియే. అమ్మాయిని చూచుటకు, వార్తలకు ఒక ఆండ్రాయిడ్ ఫోను కొంటిని. కాని నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. నా పింఛను పడు ఖాతాకు చేర్చిన సిమ్ము పాత ఫోనులోనే యుంచితిని. కారణము చెప్పెదను. రైతు సాయము వచ్చినదనియో, పింఛను ఆగిపోవుననియో సందేశము వచ్చును. దానితో ఏపీకే అను ఫైలు వచ్చును. తెరచి ఫోనులో నిలిపినచో, బ్యాంకు పంపు ఓటీపీలు మనకంటె ముందు దొంగకు చేరును. మా వీథిలో నొకరు కోత డబ్బును ఒక మధ్యాహ్నములో పోగొట్టుకొనిరి. ఆ ఫైళ్లు ఆండ్రాయిడ్ కొరకు వ్రాసినవి. సింబియన్ మీద నడువవు. ఇది నా ఫోను గొప్పతనమని చెప్పను. పాడుపడిన వీథికి దొంగ వచ్చుట మానినాడు, అంతియే.

దీనికి వెల చెల్లింపక తప్పదు. యూపీఐ 2016లో వచ్చినది గదా. ఆ యాపు బ్యాంకులో నమోదైన సిమ్ము అదే ఫోనులో నున్నదా యని, ఆ సిమ్మునుండి ఒక సందేశము పంపించి పరీక్షించును. కావున పింఛను ఖాతాకు కొత్త ఫోనులో యూపీఐ పెట్టుట కుదరదు. నాకు కావలసినదియు అదియే. కిరాణాకు, మందులకు వేరొక చిన్న ఖాతా తెరచి, అందులో రెండు మూడు వేలుంచి, కొత్త ఫోనునుండి చెల్లించుచున్నాను. అవసరమైనచో పాత ఫోనునుండియే స్టార్ 99 హాష్ అని కొట్టి, ఇంటర్నెట్టు లేకయే, ఒకమారు 5,000 రూపాయలవరకు పంపవచ్చును. అందులో ఆలస్యము చేసినచో నడుమ తెగిపోవును, మరల మొదలుపెట్టవలెను. పాత ఫోను పోయినచో ఎవరును ఆ సిమ్మును వాడకుండ సిమ్ముకు పిన్ను పెట్టితిని. ఇన్ని చేసినను ఓటీపీని నోటితో చెప్పినవానిని ఏ ఫోనును కాపాడలేదు. అట్లు చెప్పి మోసపోయినవారు సిగ్గుపడి కూర్చుండక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

చివరకొక్క సంగతి. క్రిందటేడు ఈ ఫోను చాల మందగించినది. బాగుచేయువాని దగ్గరకు తీసికొనిపోగా, లోపల నున్నది అంతయు తుడిచి మొదటి స్థితికి తెచ్చిన చురుకగునని చెప్పి, వ్రేలు మీట మీదికి తెచ్చెను. సరే యనబోతిని. ప్రక్కనున్న మనుమడు, "తాతయ్యా, జేజమ్మ గొంతు ఇందులోనే ఉందిగా" అనెను. మా తల్లి 2014లో కాలము చేసినది. అంతకు రెండేండ్ల ముందు, మా చుట్టరికములు తరతరములుగా ఎట్లు కలిసినవో ఆమె చెప్పుచుండగా ఇరువది నిమిషములు ఇందులో పట్టియుంచితిని. అది తీసివేయదగిన మెమొరీ కార్డులో నున్నదని నా నమ్మకము. విప్పి చూడగా కార్డులో లేదు. ఫోను లోపలి చిన్న మెమొరీలో నున్నది. తుడిచియున్నచో దానితో పాటు పోయెడిది.

ఫోనును అట్లే తెచ్చుకొంటిమి. ఆ రాత్రి మనుమడు బ్లూటూతు ద్వారా ఆ గొంతును కొత్త ఫోనుకు పంపెను. అచ్చటినుండి కంప్యూటరుకు, కంప్యూటరునుండి అమ్మాయికి పోయెను. మరునాడు అమ్మాయి ఫోను చేసి, మా మేనత్త మామగారి పేరు నేను ఇన్నాళ్లు తప్పుగా చెప్పుచున్నాననెను. విని చూచితిని, నిజమే. ఫోను ఇప్పటికిని మందముగనే నడుచుచున్నది. తుడిపింపలేదు.